లైట్ షీట్ మైక్రోస్కోప్‌కి లేజర్ ఎంపిక, అమరిక: తరచుగా అడిగే ప్రశ్నలు

లైట్ షీట్ మైక్రోస్కోప్ అంటే, శాంపిల్‌లోకి పక్క నుంచి పలచటి వెలుగు పొరని పంపి, ఆ పొరలో మెరిసేదాన్ని దానికి లంబంగా పెట్టిన కెమెరాతో బొమ్మ తీసేది. అలాంటిది కట్టుకోవాలనుకునే వాళ్లు లేజర్ దగ్గరికి వచ్చేసరికి మొట్టమొదట అడిగేది "ఎన్ని మిల్లీవాట్లది తీసుకోవాలి?" అని. నిజానికి అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. లేజర్ పెట్టె మీద ఎంత రాసి ఉందన్నది అలా ఉంచండి. శాంపిల్ దగ్గరికి ఎంత చేరుతోంది, ఎంత నిలకడగా చేరుతోంది, ఏ ఆకారంలో చేరుతోంది? బొమ్మ బాగుంటుందా లేదా అన్నది వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

లేజరే ఎందుకు? ఎల్ఈడీతో పని జరగదా?

వెలుగుని కొన్ని మైక్రాన్ల మందం ఉన్న పొరగా చేయాలంటే, ఆ వెలుగు ఒకే సన్నటి బిందువు నుంచి వచ్చినట్టు ఉండాలి. ఎల్ఈడీలో వెలుగు మిల్లీమీటరు వెడల్పున్న పలక మీద నుంచి నలువైపులా చిమ్ముతుంది. సన్నటి చీలిక గుండా పంపి దాన్ని పలచన చేయొచ్చు గానీ, ఆ పనిలో చాలా వెలుగు చీలిక అంచులకే తగిలి వృథా అవుతుంది. 1903లో జీడెన్‌టాఫ్, జిగ్మొండి చేసింది ఇదే. సూర్యకాంతిని చీలిక గుండా పక్క నుంచి పంపి, గాజులో కలిసిపోయిన బంగారు రేణువుల్ని చూశారు. సూర్యుడంత దీపం ఉంటే వృథా అయినా ఫర్వాలేదు మరి. 2004లో హ్యూస్కెన్ బృందం లేజర్‌నీ, కిరణాన్ని ఒక దిశలో మాత్రమే కుదించే సిలిండ్రికల్ లెన్స్‌నీ వాడి మెడాకా చేప పిండాల్ని చూపించాక, ఈ రంగంలో లేజర్ అన్నది మామూలు విషయమైపోయింది.

సరే, ఎన్ని మిల్లీవాట్లు కావాలి?

లెక్కని శాంపిల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. బతికున్న పిండాన్ని గంటల తరబడి చూడాలంటే శాంపిల్ దగ్గర ఒక మిల్లీవాట్ లోపే సరిపోయే సందర్భాలు ఎక్కువ. పారదర్శకం చేసిన పెద్ద కణజాలం అయితే పొర కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది కాబట్టి కొన్ని మిల్లీవాట్ల నుంచి పది, ఇరవై దాకా కావాల్సి రావచ్చు.

ఇప్పుడు దారిలో పోయేది చూద్దాం. 50 మిల్లీవాట్ల లేజర్ తీసుకున్నారనుకోండి. లేజర్లని కలిపే అద్దాలు దాటేసరికి 45 మిగులుతుంది. ఫైబర్ (వెలుగుని మోసే సన్నటి గాజు తీగ) లోకి 60 శాతం దూరిందంటే 27. గాల్వో అద్దాలు (కరెంటుతో వేగంగా తిరిగి కిరణాన్ని ఊపేవి), లెన్సులు, ఆబ్జెక్టివ్ (శాంపిల్‌కి ఎదురుగా ఉండే చివరి లెన్స్) దాటాక 20 దగ్గర తేలుతుంది. ఏఓటీఎఫ్ (ఏ రంగు ఎంత పోవాలో ధ్వని తరంగాలతో నియంత్రించే స్ఫటికం) కూడా ఉంటే ఇంకొంచెం తరుగు. కాబట్టి ఒక్కో రంగుకి 50 మిల్లీవాట్లు చాలామందికి చాలు, పెద్ద కణజాలాల వాళ్లకి 100. అంతకు మించి కొని, ముందు బూడిద రంగు ఫిల్టర్ పెట్టి 2 శాతానికి తగ్గించుకుని వాడుతున్న సెటప్‌లు చాలానే చూశాం. ఆ డబ్బు మంచి ఫైబర్ కప్లర్‌కో మంచి ఆబ్జెక్టివ్‌కో పెట్టుంటే బొమ్మలో తేడా కనిపించేది.

పవర్ మీటర్‌ని లేజర్ మూతి దగ్గర కాదు, ఆబ్జెక్టివ్ తర్వాత పెట్టి కొలవండి. ఆ అంకె నోట్‌బుక్‌లో రాసుకోండి. "పోయిన నెల ఇంతకన్నా బాగా వచ్చేదే" అనిపించిన రోజున మీకు పనికొచ్చేది ఆ అంకే.

ఏ రంగులు తీసుకోవాలి?

రెండే కొనగలిగితే 488, 561 నానోమీటర్లు. పచ్చగా మెరిసే ప్రొటీన్ జీఎఫ్‌పీ, దాని చుట్టాలన్నీ మొదటిదానికి, ఎమ్‌చెర్రీ, టీడీటొమాటో లాంటి ఎర్ర ప్రొటీన్లు రెండోదానికి. మూడోది 640. ఎరుపు దాటిన రంగుల్లో కణజాలం తక్కువ చెదరగొడుతుంది, దాని సొంత మెరుపు కూడా తక్కువ. అందుకే యాంటీబాడీలతో రంగు వేసిన కణజాలంలో 640 బొమ్మ చాలాసార్లు అన్నిటికన్నా శుభ్రంగా వస్తుంది.

405ని చివరికి వదిలేయమంటాం. కేంద్రకాలకి వేసే డాపీ దానితోనే వెలుగుతుంది, నిజమే. కానీ బతికున్న కణాలకి ఎక్కువ హాని చేసేది అదే, లోతుకి పోకుండా తొందరగా చెదిరేది అదే, ఫైబర్ కొసల్ని మెల్లగా పాడుచేసేదీ అదే. కేంద్రకాల కోసం ఎర్ర వైపు రంగులు దొరుకుతున్నాయి, ముందు వాటిని చూడండి.

ఇంకో చిన్న సంగతి. 488 అని అమ్మే డయోడ్ సరిగ్గా 488 దగ్గరే ఉండాలని లేదు, కొన్ని నానోమీటర్లు అటూఇటూ ఉండొచ్చు. కెమెరా ముందు లేజర్‌ని ఆపే మీ ఫిల్టర్ అంచు దానికి మరీ దగ్గరగా ఉంటే లేజర్ వెలుగు కెమెరాలోకి కారుతుంది. మీకు వచ్చిన లేజర్‌తో పాటు ఇచ్చే టెస్ట్ షీట్‌లో అసలు అంకె ఉంటుంది. అది చూశాకే ఫిల్టర్లు ఆర్డర్ పెట్టండి.

డయోడ్, డీపీఎస్ఎస్, ఓపీఎస్ఎల్ అంటారు కదా, దేన్ని ఎంచుకోవాలి?

405, 488, 640కి నేరుగా వెలుగిచ్చే డయోడ్‌లు ఉన్నాయి. చిన్నవి, వేడి తక్కువ. మైక్రోసెకన్లలో వెలిగించి ఆర్పేయొచ్చు. కాకపోతే వాటి కిరణం గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. దాంతో పాటు అసలు రంగుకి అటూఇటూ పలచటి వెలుగు కూడా చిమ్ముతుంది. మొదటిదాన్ని ఫైబర్ సరిచేస్తుంది, రెండోదానికి ముందు ఒక క్లీనప్ ఫిల్టర్ పెట్టాలి.

561కి మామూలుగా డీపీఎస్ఎస్ (డయోడ్ వెలుగుతో ఘన స్ఫటికాన్ని వెలిగించే లేజర్) లేదా ఓపీఎస్ఎల్ (ఆ స్ఫటికం బదులు సెమీకండక్టర్ ఉండేది) వాడతారు. రెండిట్లోనూ లోపల 1122 నానోమీటర్ల దగ్గర పరారుణ కాంతి పుడుతుంది, స్ఫటికం దాన్ని సగం తరంగదైర్ఘ్యానికి మారుస్తుంది. కిరణం చక్కగా ఉంటుంది. చిక్కల్లా డీపీఎస్ఎస్‌ని కరెంటుతో టకటకా ఆర్పి వెలిగించడం కుదరదు. అలా చేస్తే పవర్ స్థిరపడటానికి టైమ్ పడుతుంది. దాన్ని ఎప్పుడూ వెలుగుతూనే ఉంచి, బయట ఏఓఎం (ధ్వని తరంగాలతో కిరణాన్ని ఆపి వదిలేది) గానీ ఏఓటీఎఫ్ గానీ పెట్టి కోయాలి.

ఎం స్క్వేర్ (కిరణం ఆదర్శ ఆకారానికి ఎంత దగ్గరో చెప్పే అంకె, 1 అంటే ఆదర్శం) విలువ 1.1 ఉంటే చాలా? 1.3 అయితే కొంప మునుగుతుందా?

మునగదు, సింగిల్ మోడ్ ఫైబర్ (వెలుగుని ఒకే శుభ్రమైన ఆకారంలో మాత్రమే పోనిచ్చేది) వాడుతుంటే. ఫైబర్‌లోంచి బయటికొచ్చే కిరణం ఎలాగూ శుభ్రంగానే ఉంటుంది. లోపలికి దూరే శాతం మాత్రం తగ్గుతుంది. ఫైబర్ లేకుండా నేరుగా పంపుతున్నారంటే మాత్రం 1.1 దగ్గర ఉన్నదే తీసుకోండి.

పొర ఎంత పలచగా చేయొచ్చు?

ఎంత కావాలంటే అంత. కానీ పలచన చేసిన కొద్దీ ఆ పలచదనం నిలిచే పొడవు తగ్గిపోతుంది. లేజర్ కిరణం డమరుకంలా ఉంటుంది, నడుము సన్నగా, అటూఇటూ విచ్చుకుంటూ. నడుముని ఎంత బిగిస్తే అంచులు అంత వేగంగా విచ్చుకుంటాయి.

అంకెల్లో చూడండి. నీళ్లలో 488 కిరణం నడుము పూర్తి మందం 4 మైక్రాన్లు అయితే, అది దాదాపు సన్నగా ఉండే పొడవు సుమారు 68 మైక్రాన్లు. మందం 10 మైక్రాన్లకి వదిలితే ఆ పొడవు 430 మైక్రాన్ల దగ్గరికి పోతుంది. మందం రెండున్నర రెట్లు పెరిగితే పొడవు ఆరు రెట్లకు పైగా పెరిగింది, ఎందుకంటే పొడవు మందం వర్గం మీద ఆధారపడుతుంది. అదే 4 మైక్రాన్ల నడుము 640లో అయితే పొడవు 52కి పడిపోతుంది. ఒక రంగులో బొమ్మ అంచుల దాకా స్పష్టంగా ఉండి, ఇంకో రంగులో అంచులు మసకగా ఉండటానికి ఇదీ ఒక కారణం.

కాబట్టి ముందు మీ శాంపిల్ వెడల్పు చెప్పండి, మందం దాన్నుంచే వస్తుంది. 400 మైక్రాన్ల పిండానికి 2 మైక్రాన్ల పొర కావాలని అడిగితే మామూలు కిరణంతో కుదరదు. రెండు పక్కల నుంచి వెలిగించడం, నడుముని పక్కకి జరుపుతూ కెమెరా వరుసలతో జత కలపడం, బెసెల్ కిరణాలు (ఎక్కువ దూరం సన్నగా నిలిచేవి), లాటిస్ (అలాంటి కిరణాల్ని వరుసగా పేర్చినది) లాంటివి ఆ ఇబ్బందిని దాటడానికి పుట్టినవే. వాటికి వెళ్లేముందు ఒక్కసారి ఆలోచించండి, మీరు లెక్కపెట్టాల్సింది కేంద్రకాల్నే అయితే 5 మైక్రాన్ల పొర హాయిగా సరిపోతుంది.

బొమ్మలో అడ్డగీతలు వస్తున్నాయి. లేజర్‌దే తప్పా?

కావచ్చు, కాకపోవచ్చు. గీతలు రెండు రకాలు, రెండూ కిరణం పోయే దిశలోనే ఉంటాయి. అందుకే తికమక.

మొదటి రకం నీడలు. శాంపిల్‌లో నల్లటి రంగు కణమో, గాలి బుడగో అడ్డం వస్తే దాని వెనక చీకటి చార పడుతుంది. రెండో రకం లేజర్ నాయిస్, అంటే పవర్ ఊగిసలాట. సన్నటి కిరణాన్ని గాల్వోతో పైకీ కిందికీ ఊపి పొర చేసే సెటప్‌లో ఇది వస్తుంది. 10 మిల్లీసెకన్లలో కెమెరాలోని 2048 వరుసలు ఊడ్చేశారంటే ఒక్కో వరుసకి దక్కేది 5 మైక్రోసెకన్లు. కిరణం మందం ఒక పది వరుసలు ఉందనుకున్నా 50 మైక్రోసెకన్లే. ఆ కాసేపట్లో లేజర్ ఒక శాతం తగ్గితే ఆ వరుసలు ఒక శాతం నల్లబడతాయి. "8 గంటల్లో 1 శాతం లోపు" అని స్పెక్‌లో రాసే నిలకడ ఇందుకు పనికిరాదు. అది నెమ్మదిగా జారే తీరుని చెబుతుంది. మీరు అడగాల్సింది కిలోహెర్ట్జ్‌ల్లో కొలిచిన ఆర్ఎంఎస్ నాయిస్ (పవర్ సగటు నుంచి ఎంత ఊగుతోందన్న లెక్క). ఎంత పౌనఃపున్యం దాకా కొలిచారో కూడా అడగండి.

రెండిటికీ తేడా కనిపెట్టడం తేలిక. శాంపిల్‌ని కదపకుండా ఒకే తలాన్ని రెండుసార్లు తీయండి. నీడ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, నాయిస్ గీతలు మాత్రం చోటు మారతాయి.

మా దగ్గర జరిగిందే చెప్తాను. 488లో గీతలు, 561లో ఏమీ లేవు. వారం రోజులు కెమెరాని అనుమానించాం, గాల్వో డ్రైవర్ మార్చాం, కేబుళ్లు మార్చాం. చివరికి ఫైబర్ కనెక్టర్ విప్పి చూస్తే, ఎవరో తొందరలో ఏటవాలు కొస ఉన్న ఫైబర్ బదులు తిన్నటి కొస ఉన్న దాన్ని బిగించారు. తిన్నటి గాజు కొస మీద నుంచి కొంచెం వెలుగు వెనక్కి తిరిగి డయోడ్‌లోకే పోతోంది. డయోడ్‌కి అది అస్సలు పడదు, పవర్ ఎగిరెగిరి పడుతుంది. 8 డిగ్రీల ఏటవాలు కొస ఉన్న ఫైబర్ పెట్టగానే గీతలు పోయాయి. వారం టెన్షన్, రెండు నిమిషాల పని.

నీడల మందు వేరు. కిరణాన్ని పొర తలంలోనే కొన్ని డిగ్రీలు అటూఇటూ వేగంగా తిప్పితే నీడలు చెరిగిపోతాయి. దీన్ని 2007లోనే చేసి చూపించారు. రెండు పక్కల నుంచి వెలిగించినా చాలావరకు తగ్గుతాయి.

ఫైబర్ వాడాలా, అద్దాలతో నేరుగా పంపాలా?

మా ఓటు ఫైబర్‌కే. వెలుగు కొంత పోతుంది, ఒప్పుకుంటాం. కానీ లేజర్ల బల్ల, మైక్రోస్కోప్ బల్ల వేరువేరుగా ఉండొచ్చు. లేజర్ ఫ్యాన్ల అదురు శాంపిల్‌కి తగలదు. ఒక లేజర్ పాడై మార్చాల్సి వస్తే మైక్రోస్కోప్‌ని ముట్టుకోనక్కర్లేదు. పైగా అన్ని రంగులూ ఒకే కొస నుంచి వస్తాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి వాటంతట అవే కూర్చుంటాయి.

తీసుకోవాల్సింది ధ్రువణాన్ని (వెలుగు విద్యుత్ క్షేత్రం ఊగే దిశని) కాపాడే సింగిల్ మోడ్ ఫైబర్, 405 నుంచి 640 దాకా పనిచేసేది. దాని నడిమి భాగం 3, 4 మైక్రాన్లే. అంత చిన్న చోట 50 మిల్లీవాట్లు పెడితే, చదరపు సెంటీమీటరుకి లెక్కేస్తే అయిదు లక్షల వాట్లు అవుతుంది. అక్కడ ఒక్క దుమ్ము రేణువున్నా మాడి గాజుకి అతుక్కుంటుంది. కనెక్టర్ విప్పిన ప్రతిసారీ లేజర్ ఆపి, కొస తుడిచి, స్కోప్‌లో చూసి బిగించండి. ఊరికే విప్పకండి.

ఫైబర్ తర్వాత కిరణాన్ని సమాంతరంగా చేసే లెన్స్ (కొలిమేటర్) మీద పిసినారితనం వద్దు. అది అన్ని రంగుల్నీ ఒకేచోట ఫోకస్ చేయకపోతే ప్రతి రంగు నడుమూ వేరేచోట పడుతుంది. వక్రంగా ఉన్న అద్దంతో చేసిన కొలిమేటర్‌కి ఈ బాధ లేదు.

మల్టీమోడ్ ఫైబర్ గురించి కూడా అడుగుతుంటారు. దాన్నుంచి వచ్చేది చుక్కలు చుక్కలుగా ఉండే వెలుగు, పలచటి పొర కాదు.

మూడు నాలుగు లేజర్లని ఒకే దారిలోకి ఎలా తేవాలి?

లాంగ్‌పాస్ డైక్రోయిక్ అద్దాలతో. ఇవి పొడవు తరంగాల్ని పోనిచ్చి, పొట్టివాటిని తిప్పికొడతాయి. కాబట్టి 640 అన్నిటికన్నా వెనక, తర్వాత 561, 488, ఫైబర్‌కి దగ్గరగా 405. ప్రతి లేజర్‌కీ తిప్పగలిగే అద్దాలు రెండు ఉండాలి, డైక్రోయిక్‌ని ఒకటిగా లెక్కేసుకోవచ్చు. ఒక్కదానితో కిరణం చోటైనా సరిచేయగలరు, దిశైనా సరిచేయగలరు, రెండూ కుదరవు.

పద్ధతి పాతదే. దారిలో ఒక ఐరిస్ (రంధ్రాన్ని పెద్దది చిన్నది చేసుకోగల పలక) దగ్గరగా, ఇంకోటి దూరంగా పెట్టండి. లేజర్ వైపున్న అద్దంతో దగ్గరి ఐరిస్ మధ్యలోకి, రెండో అద్దంతో దూరపు ఐరిస్ మధ్యలోకి. ఒకటి సరిచేస్తే ఇంకోటి కాస్త జరుగుతుంది, మళ్లీ మొదటికి రండి. నాలుగైదు విడతల్లో కుదురుతుంది. ఈ పనికి ముందు లేజర్లని అరగంట వెలిగించి ఉంచండి. చల్లగా ఉన్నప్పుడు సరిచేసినది వేడెక్కాక జారుతుంది.

405 చుక్కని తెల్ల కాగితం మీద పట్టుకుంటే నీలంగా ధగధగా మెరుస్తుంది. అది లేజర్ రంగు కాదు. కాగితం తెల్లగా కనిపించాలని అందులో కలిపిన రసాయనం మెరుపు అది. చుక్క ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది, మధ్య ఎక్కడో తెలియదు. 405కి మాత్రం ఆ మెరుపు లేని కార్డు వాడండి.

ధ్రువణం గురించి పట్టించుకోవాలా?

కాస్త పట్టించుకోండి, ఖర్చు లేని లాభం. కిరణం ఎడమ నుంచి కుడికి పోతోంది, కెమెరా ముందు నుంచి చూస్తోంది అనుకోండి. అప్పుడు లేజర్ విద్యుత్ క్షేత్రం నిలువుగా ఉండాలి. అది కెమెరా వైపు తిరిగి ఉంటే, అదే దిశలో ఉన్న అణువులు ఎక్కువగా వెలుగుతాయి. అవి తమ వెలుగుని కెమెరా వైపు తక్కువగా, పక్కలకి ఎక్కువగా పంపుతాయి. జీఎఫ్‌పీ పెద్ద అణువు, వెలిగి ఆరే కొన్ని నానోసెకన్లలో పెద్దగా తిరగదు కాబట్టి ఈ తేడా నిజంగానే కనిపిస్తుంది. దారిలో ఒక హాఫ్ వేవ్ ప్లేట్ (ధ్రువణ దిశని తిప్పే పలక) పెట్టి, సిగ్నల్ ఎక్కువొచ్చే దాకా తిప్పితే సరి.

కెమెరాతో లేజర్‌ని ఎలా జత కలపాలి?

కెమెరానే యజమానిని చేయండి. ఈ పనికి మామూలుగా వాడే ఎస్‌సీమాస్ రకం కెమెరాలో వరుసలు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటాయి. అన్నీ తెరుచుకుని ఉన్నంతసేపే కెమెరా ఇచ్చే సిగ్నల్‌ని లేజర్ టీటీఎల్ (ఆన్, ఆఫ్ చేసే డిజిటల్ సిగ్నల్) ఇన్‌పుట్‌కి కలపండి. స్టేజ్ కదిలేటప్పుడు, బొమ్మ చదివేటప్పుడు లేజర్ ఆరి ఉండాలి. ఆర్పకపోతే ఆ చిన్న విరామాలే రాత్రంతా కలిసి పిండానికి అనవసరంగా చాలా వెలుగు తగులుతుంది. కిరణంతో పాటు తెరుచుకున్న వరుసల పట్టీ కదిలే లైట్ షీట్ మోడ్ వాడితే మాత్రం ఊడ్చినంతసేపూ లేజర్ వెలుగుతుండాలి, గాల్వో వేగం వరుసల వేగానికి సరిపోవాలి.

అనలాగ్ వోల్టేజ్ సున్నాకి తెచ్చినా కొన్ని డయోడ్‌లు పూర్తిగా ఆరవు, మినుకుమినుకుమంటాయి. గది చీకటి చేసి, ఎక్స్‌పోజర్ పెంచి ఒక బొమ్మ తీస్తే తెలిసిపోతుంది. అనలాగ్‌తో పవర్ మార్చండి, ఆర్పడం డిజిటల్‌కి వదిలేయండి.

పొర సరిగ్గా కెమెరా ఫోకస్‌లో ఉందని ఎలా తెలుస్తుంది?

శాంపిల్ ఛాంబర్‌లో ఫ్లోరెసిన్ (నీలి వెలుగుకి పచ్చగా మెరిసే రంగు) కలిపిన నీళ్లు పోసి, 488 కిరణాన్ని ఊపకుండా వెలిగించండి. పచ్చటి డమరుకం తెర మీద కనిపిస్తుంది. నడుము బొమ్మ మధ్యలోకి రావాలి, కిరణం అంతటా పదునుగా కనిపించాలి. ఒక కొస పదునుగా, ఇంకో కొస మసకగా ఉంటే కిరణం ఫోకస్ తలానికి ఏటవాలుగా పోతున్నట్టు. రంగు మరీ చిక్కగా కలిపితే కిరణం సగం దారిలోనే చచ్చిపోతుంది. ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే వెలుగుతో కనిపించే దాకా పలచన చేయండి.

ఆ తర్వాత అగరోజ్ జెల్‌లో 200 నానోమీటర్ల మెరిసే పూసలు పెట్టి స్టాక్ (లోతు దిశలో ఒకదాని తర్వాత ఒకటిగా బొమ్మలు) తీయండి. పూసలు లోతు దిశలో ఎంత సాగి కనిపిస్తున్నాయో మధ్యలోనూ అంచుల్లోనూ చూడండి. ప్రతి రంగులోనూ ఇదే చేయాలి. విసుగే, కానీ 405 నడుము మిగతావాటికి దూరంగా ఉన్న సంగతి ఇక్కడే బయటపడుతుంది.

రెండు ఫోటాన్ల లైట్ షీట్‌కి వెళ్లాలా?

ఇందులో అణువు ఒక్క ఫోటాన్ బదులు ఒకేసారి రెండు పరారుణ ఫోటాన్లని మింగి మెరుస్తుంది. రెండు సందర్భాల్లో వెళ్లండి. శాంపిల్ బాగా చెదరగొడుతుంటే ఒకటి. చేప పిల్ల మెదడు చూస్తూ, నీలి కాంతి దాని కళ్లకి తగిలి మెదడు ప్రతిస్పందిస్తోందేమో అన్న అనుమానం ఉంటే రెండోది. 920 నానోమీటర్ల దగ్గర, 100 ఫెమ్టోసెకన్ల స్థాయి పల్స్‌లు ఇచ్చే లేజర్ జీఎఫ్‌పీకి సరిపోతుంది. సిగ్నల్ తీవ్రత వర్గంతో పెరుగుతుంది కాబట్టి సిలిండ్రికల్ లెన్స్‌తో పరిచేస్తే వెలుగు చాలదు, సన్నటి కిరణాన్ని ఊపాల్సిందే. ఫెమ్టోసెకన్ల పల్స్‌ని మామూలు ఫైబర్‌లోకి పంపితే సాగిపోతుంది, అంటే పైన ఫైబర్ గురించి చెప్పిన సుఖాలన్నీ ఇక్కడ ఉండవు.

కళ్లకి జాగ్రత్తలు?

5 నుంచి 500 మిల్లీవాట్ల మధ్య ఉన్నవన్నీ 3బీ ప్రమాద తరగతి. నేరుగా పడితేనే ప్రమాదం అనుకోకండి. గాజు ఛాంబర్ గోడ మీద పడిన వెలుగులో 4 శాతం తిరిగొస్తుంది. 50 మిల్లీవాట్లలో అది 2 మిల్లీవాట్లు, కళ్లు ఆర్పేలోపు హాని లేదని చెప్పే 1 మిల్లీవాట్ హద్దుకి రెట్టింపు. అలైన్‌మెంట్ ఎప్పుడూ 1 మిల్లీవాట్ లోపే. ఉంగరం, వాచీ తీసేయండి. కిరణం ఎత్తులోకి తల వంచకండి, కిందపడ్డ స్క్రూ ఏరుకోవడానికి కూడా. ముందు షట్టర్ మూయండి. 405, 640 కంటికి మసకగా కనిపిస్తాయి, కనిపించినంతే ఉన్నాయని మోసపోవద్దు. ఒక రంగు కళ్లజోడు ఇంకో రంగుని ఆపదు, దాని మీద ఏ తరంగదైర్ఘ్యాలు రాశారో చదివి పెట్టుకోండి.

పాత కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ నుంచి తీసిన ఆర్గాన్ లేజర్ ఉంది, వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. 488, 514 రెండూ వస్తాయి, కిరణం ముచ్చటగా ఉంటుంది. రెండు రంగులూ కలిసే వస్తాయి కాబట్టి ఏఓటీఎఫో ఫిల్టరో పెట్టి విడదీయాలి. ఫ్యాన్ అదురుతుంది, వేడి చాలా వస్తుంది. దాన్ని ఆప్టికల్ టేబుల్ మీద పెట్టకుండా వేరే స్టాండ్ మీద పెట్టి, ఫైబర్‌తో కలపండి. ట్యూబ్ ఎన్ని గంటలు వెలిగిందో మీటర్ చూడండి. కొన్ని వేల గంటలు దాటి, అదే పవర్ కోసం కరెంటు ఎక్కువ లాగుతుంటే, దానితో సెటప్ కట్టి నేర్చుకోండి గానీ, మూడు రోజుల టైమ్‌లాప్స్ మాత్రం పెట్టకండి.